కాపలాకు కుక్కను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మాకు వచ్చే ఉత్తరాల్లో నమాజు గురించి, జకాత్ గురించి, పెళ్ళిళ్ళలో పెరిగిపోతున్న ఖర్చుల గురించి అడిగేవే ఎక్కువ. కుక్కల ప్రస్తావన ఉన్న ఉత్తరాలు బహు అరుదు. వచ్చినా పెంచవచ్చా, పెంచకూడదా అన్న ఒక్క ప్రశ్నతో అవి ముగిసిపోతాయి. ఈసారి అందిన ఉత్తరం అలాంటిది కాదు.

వారిది రాయలసీమలోని ఒక మెట్ట పల్లె. మేకల పెంపకం మీద బతికే కుటుంబం. ఊరి చివర రేకుల కొట్టం, దానిని ఆనుకొని కొద్దిపాటి వేరుశనగ చేను. కిందటి వానాకాలంలో రెండు రాత్రులు దొంగలు పడి అయిదు మేకలను తోలుకుపోయారు. ఇక లాభం లేదు, కాపలాకు కుక్క ఉండాల్సిందేనని ఇంటి పెద్ద నిర్ణయించారు. పట్నంలో చదువుకుంటున్న పెద్ద కుమారుడు, తండ్రికి భారం తగ్గిద్దామన్న తొందరలో, ఒక పెంపుడు జంతువుల దుకాణంలో 14 వేల రూపాయలు పోసి జర్మన్ షెపర్డ్ పిల్లను కొని బస్సులో ఊరికి తెచ్చాడు. మూడో రోజున దానికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత నెత్తుటి విరేచనాలు. ఆరో రోజున చనిపోయింది. దుకాణదారుడు ఫోను ఎత్తడం మానేశాడు. ఇంట్లో దాదీ మాత్రం ఒకే మాట అంటున్నారట: కుక్క వెల హరామ్ అని ప్రవక్త వారు చెప్పలేదా, ఆ పాపమే తగిలింది అని. కుర్రవాడు ఆ మాట విన్నప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. మేకలకు కాపలా ఇప్పటికీ లేదు. తండ్రి రాత్రిళ్ళు కొట్టంలోనే పడుకొంటున్నారు.

వారు మూడు విషయాలు అడిగారు. అమ్మ చెప్పిన మాట నిజమేనా? అబ్బాయి పాపం చేశాడా? ఇప్పుడు కుక్కను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? మూడోదే అసలు ప్రశ్న. కాని మొదటి రెండింటినీ దాటకుండా దాని దగ్గరకు చేరుకోలేం.

ముందు అవసరం తేలాలి

ఈ విషయంలో షరీఅత్ మనల్ని మొదట అడిగేది కుక్క ఎక్కడిది అని కాదు, ఎందుకు అని. హజ్రత్ అబూ హురైరా (రజి), హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వంటి సహాబాల ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో వచ్చిన హదీసుల సారాంశం ఇది: వేట కోసమో, పశువుల మంద కోసమో, పంట పొలం కోసమో కాకుండా కుక్కను ఉంచుకున్న వ్యక్తి సత్కర్మల నుంచి ప్రతి దినం ఒక ఖీరాత్ పుణ్యం తగ్గిపోతుంది. కొన్ని ఉల్లేఖనాల్లో రెండు ఖీరాత్‌లు అని ఉంది. ఇది చిన్న హెచ్చరిక కాదు. నమాజులు, ఉపవాసాలు, దానధర్మాలతో కూడబెట్టుకున్నది ప్రతి రోజూ కొంత కారిపోతున్నదని ఊహించుకోండి.

అయితే అదే హదీసులో మినహాయింపు కూడా స్పష్టంగా ఉంది. మంద, చేను, వేట. దొంగల భయం ఉన్న ఇంటి కాపలాను కూడా ధర్మవేత్తలలో అనేకులు వీటితో పోల్చి అనుమతించారు. కనుక మనకు ఉత్తరం రాసిన కుటుంబం విషయంలో సందేహమే లేదు. వారికి మంద ఉంది, చేను ఉంది, దొంగలు పడ్డారు కూడా. వారు కుక్కను తెచ్చుకోవడాన్ని ఏదో తప్పు చేస్తున్నట్టుగా చూడనక్కర లేదు.

మనలో కొందరు కుక్క పేరు ఎత్తగానే ముఖం చిట్లిస్తారు. దివ్య ఖురాన్‌లోని కహఫ్ సూరాలో గుహలో తలదాచుకున్న విశ్వాసులైన యువకులతో పాటు, గుమ్మం దగ్గర ముంగాళ్ళు చాచి కూర్చున్న వారి కుక్క ప్రస్తావన కూడా ఉంది. మాయిదా సూరా నాలుగో ఆయత్‌లో శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదాన్ని తినడానికి అనుమతి ఉంది. హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) తన వేటకుక్కల గురించి అడిగితే, దైవప్రవక్త (స) ఆయనను మందలించలేదు. అల్లాహ్ పేరు తలచి కుక్కను వదలాలని, అది వేటను తానే తినడం మొదలుపెడితే దాన్ని తినవద్దని ఓపికగా వివరించారు. నేర్పిన కుక్కకు, నేర్పని కుక్కకు మధ్య ధర్మమే తేడా చూపిందంటే ఆ జీవి పనికి విలువ ఇచ్చినట్టే కదా!

మరోవైపు, కుక్క ఉన్న ఇంట్లోకి కారుణ్య దైవదూతలు ప్రవేశించరన్న హదీసు ఉండనే ఉంది. మంచం కింద ఎవరికీ తెలియకుండా దూరిన కుక్కపిల్ల కారణంగా హజ్రత్ జిబ్రీల్ (అలై) రాక ఆగిపోయిన సంఘటన సహీహ్ ముస్లింలో నమోదయింది. అందుకే కాపలా కుక్క స్థానం కొట్టం దగ్గర, చేను గట్టు మీద, ఇంటి బయటి ఆవరణలో. పడకగదిలో, వంటింట్లో కాదు. పట్నాల్లో అపార్టుమెంటుల్లో ఉంటూ, పక్కింటి పిల్లల దగ్గర చూసి మాకూ కావాలని పిల్లలు మారాం చేస్తే కొనివ్వాలనుకొనే తల్లిదండ్రులు ఇక్కడే ఆగిపోవాలి. మూడో అంతస్తులో మేకల మంద లేదు, చేను లేదు. వారికి ఎక్కడి నుంచి తేవాలి అన్న ప్రశ్నే లేదు. ఆ పిల్లలకు జంతువుల మీద ఉన్న ప్రేమ మంచిదే. పిల్లిని పెంచుకోవచ్చు. ఎండాకాలంలో గేటు బయట మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి వీధి కుక్కల దాహం తీర్చవచ్చు. దానికి ఏ అభ్యంతరమూ లేదు, పైగా ఎంతో పుణ్యం.

వెల సంగతి

ఇక దాదీ గారి మాట. ఆమె గాలికి అన్న మాట కాదది. హజ్రత్ అబూ మస్ఊద్ అన్సారీ (రజి) ఉల్లేఖించిన హదీసులో దైవప్రవక్త (స) కుక్క వెలను, వ్యభిచార సంపాదనను, జోస్యం చెప్పేవాడి ప్రతిఫలాన్ని వారించారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఇమాం షాఫయీ (రహ్మలై), ఇమాం అహ్మద్ (రహ్మలై) దీని ఆధారంగా కుక్కల క్రయవిక్రయాలు ఎంతమాత్రం చెల్లవన్నారు. ఇమాం మాలిక్ (రహ్మలై) నుంచి భిన్నమైన ఉల్లేఖనాలు ఉన్నాయి. మన తెలుగు ప్రాంతాల్లో అత్యధికులు అనుసరించే హనఫీ ధర్మవేత్తలు మాత్రం, ధర్మసమ్మతంగా ప్రయోజనం పొందడానికి వీలున్న కుక్కను కొనడం, అమ్మడం చెల్లుతాయన్నారు. మంద కోసం ఉంచుకోవడం ధర్మమే అయినప్పుడు దాని కొనుగోలు కూడా చెల్లాలన్నది వారి వాదన. వారించిన హదీసును, కుక్కల విషయంలో ఆదేశాలు కఠినంగా ఉన్న తొలి కాలానికి చెందినదిగా వారు అర్థం చేసుకున్నారు.

మధ్యేమార్గంగా కనిపించే మాట ఒకటి అందలూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ (రహ్మలై) చెప్పారు. అమ్మకాన్ని ఆయన నిషిద్ధమనే అన్నారు. కాని నిజమైన అవసరం ఉండి, ఊరికే ఇచ్చేవారు దొరకనప్పుడు డబ్బు ఇచ్చి తీసుకోవడం తీసుకొనేవాడికి ధర్మసమ్మతమేనని, ఆ డబ్బు మాత్రం అమ్మినవాడికి ధర్మసమ్మతం కాదని అన్నారు. అవసరంలో ఉన్నవాడి చేతులు కట్టెయ్యకుండా, ఆ అవసరాన్ని సొమ్ము చేసుకొనేవాడిని వదలకుండా చెప్పిన మాట ఇది.

ఈ అభిప్రాయ భేదంలో తీర్పు చెప్పే స్థాయి మాది కాదు. మీరు అనుసరించే ఆలిమ్‌ను అడగండి. అయితే ఇంతమంది మహనీయులు భేదించిన చోట జాగ్రత్తపరులు ఏం చేస్తారు? డబ్బుతో పని లేకుండా దొరికే దారిని ముందు వెతుకుతారు. కుక్కను కానుకగా పుచ్చుకోవడంలో ఈ చిక్కే లేదు. ఇచ్చేవాడు ఇష్టపూర్వకంగా ఇస్తే అది హిబా. దానికి టీకాలు వేయించడానికి, తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు కుక్క వెల కాదు, వైద్యానికీ ప్రయాణానికీ అయ్యే ఖర్చు. మన పల్లెల్లో కుక్కపిల్లను ఎవరూ డబ్బుకు అమ్మరు, అడిగితే నవ్వుతారు. వెల అన్నది పట్నపు దుకాణంతో వచ్చిన ఇబ్బంది.

కనుక అబ్బాయి పాపం చేశాడా అన్నదానికి మా జవాబు: అతను అవసరం కోసం, తన మస్లక్‌లో చెల్లే వ్యవహారం చేశాడు. తండ్రి బాధ చూడలేక చేశాడు. ఇక పిల్ల చనిపోవడం దైవశిక్ష అనడం ఎవరి వల్లా కాదు. ఏ కష్టం ఎందుకు వచ్చిందో అల్లాహ్‌కే తెలుసు. ఆయన మనకు తెలియజేయనిదాన్ని మనమే ప్రకటించి ఒక పిల్లవాడి తల మీద పెట్టకూడదు. దాదీ గారికి మా సలాములు తెలపండి. హదీసును గుర్తుంచుకున్నందుకు అల్లాహ్ ఆమెకు మేలు చేయుగాక! హదీసు వరకు ఆమె చెప్పింది నిజం. దానికి తగిలించిన రెండో సగం మాత్రం ఉపసంహరించుకొని, మనవణ్ణి దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకోవాలని మనవి.

ఆ పిల్ల ఎందుకు చనిపోయింది?

కారణం లేకుండా ఏదీ జరగదు. కారణాలను సృష్టించినవాడూ అల్లాహ్‌యే. ఉత్తరంలో రాసిన లక్షణాలు పశువైద్యులు పార్వో అని పిలిచే వైరస్ జబ్బువి. ఇది పెద్ద కుక్కల కంటే చిన్న పిల్లలకే ఎక్కువ ప్రాణాంతకం. ఒంట్లో వైరస్ చేరిన తర్వాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఇంటికి వచ్చిన మూడో రోజునే వాంతులు మొదలయ్యాయంటే, అది దుకాణంలోనో, అంతకు ముందో జబ్బును అంటించుకొని వచ్చిందనే భావించాలి. అబ్బాయి దానికి తిండి సరిగా పెట్టలేదన్న నింద కూడా దీంతో తొలగిపోవాలి.

ఇలా ఎందుకు జరుగుతుంది? పిల్లలకు తొలి వారాల్లో తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ ఉంటుంది. అది క్రమంగా తగ్గిపోతుంది. ఆ లోటును టీకా పూరించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేసి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాల వయసు దాకా మళ్ళీ మళ్ళీ వేయాలి. వ్యాపారానికి తొందరెక్కువ. పిల్ల ఎంత చిన్నగా ఉంటే అంత ముద్దుగా ఉంటుంది, అంత త్వరగా అమ్ముడుపోతుంది. అందుకని నెల నిండీ నిండకుండానే తల్లి నుంచి విడదీసి, వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన పిల్లలను ఒకే బోనులో కుక్కి పెడతారు. ఒకదానికి జబ్బుంటే అన్నింటికీ అంటుతుంది.

దేశ చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు వేసిన వివరాలు కొన్నవారికి ఇవ్వాలి. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకూ ఇలాంటి నమోదు తప్పనిసరి చేశారు. మీ అబ్బాయికి ఆ దుకాణం రసీదు గాని, టీకా కార్డు గాని ఇచ్చిందా? ఉత్తరంలో ఆ మాట లేదు. ఇచ్చి ఉంటే దాచండి, ఫిర్యాదుకు పనికివస్తుంది.

తల్లి నుంచి పిల్లను వేరు చేయడం గురించి మరో మాట. ఒక ప్రయాణంలో సహాబాలు ఒక చిన్న పిట్ట గూటి నుంచి పిల్లలను తీసుకుంటే, తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసిన దైవప్రవక్త (స) వాటిని తిరిగి ఇచ్చేయమని ఆదేశించిన సంఘటన అబూ దావూద్‌లో ఉంది. కన్ను సరిగా తెరవని పిల్లలను బోనులో వరుసగా పెట్టి అమ్మే చోట నిలబడి బేరమాడేటప్పుడు ఈ సంఘటన గుర్తుకు రావాలి. మనం ఇచ్చే 14 వేలు ఆ పిల్లకే కాదు, దాని వెనుక ఈత మీద ఈత ఈనుతూ బోనులో పడివున్న తల్లికి కూడా సంబంధించినవి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది ఆలస్యం లేకుండా ఆ కుటుంబానికి తెలియాలి. పార్వో వైరస్ చచ్చిన కుక్కతో పోదు. మట్టిలో, గోనెపట్టాలో, గిన్నెలో నెలల తరబడి బతికి ఉంటుంది. కనుక అదే కొట్టానికి టీకాలు పూర్తికాని మరో పిల్లను తెస్తే అదీ అదే దారిన పోవచ్చు. ఆ పిల్ల పడుకున్న పట్టా, తిన్న గిన్నె కాల్చేయండి లేదా పూడ్చేయండి. గచ్చు నేలనైతే ముందు బాగా కడిగి, బట్టలు తెల్లబరచడానికి వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు నాననివ్వాలి. మేకలను అప్పుడు అక్కడి నుంచి తప్పించాలి. మట్టి నేలకు ఇది సరిగా పనిచేయదు. అక్కడ ఎండ, కాలమే మందు. టీకాలన్నీ పూర్తయిన పిల్లనో, పెద్ద కుక్కనో మాత్రమే అక్కడికి తేవాలి.

ఎవరిని అడగాలి?

మా దృష్టిలో మందకు కుక్క కావలసినవాడు మొదట అడగవలసింది గొర్రెల కాపరిని. రాయలసీమలో, పాలమూరులో, నల్లగొండ వైపు గొల్ల కురుమ సోదరులు మందలతో నెలల తరబడి ఊళ్ళు తిరుగుతారు. ఎరువు కోసం మన చేలల్లో రాత్రిళ్ళు మంద కట్టిస్తాం కదా, వారే. వారి వెంట ఉండే కుక్కలను ఎప్పుడైనా గమనించారా? ఎవరూ వాటిని ముద్దు చేయరు. గొర్రెల మధ్యనే పడుకుంటాయి. కొత్త మనిషి అల్లంత దూరాన ఉండగానే లేస్తాయి. కాని గొర్రె పక్కనుంచి దూకినా పట్టించుకోవు. ఈ గుణం జాతితో మాత్రమే వచ్చేది కాదు. కళ్ళు తెరిచిన నాటి నుంచి గొర్రెల వాసన, వాటి కాళ్ళ సందున తిరగడం అలవాటు కావడం వల్ల వస్తుంది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు నాలుగు నెలల లోపు దేని మధ్య పెరిగితే దాన్ని తనవారిగా భావించే స్వభావం ఉంది. ఆ వయసు దుకాణపు బోనులో గడిచిపోతే, ఎంత గొప్ప జాతి అయినా మేకను చూసి తరుముతుంది.

జాతుల మోజు గురించి కూడా చెప్పుకోవాలి. జర్మన్ షెపర్డ్ చలి దేశపు గొర్రెల కుక్క. ఒత్తయిన రెండు పొరల బొచ్చుతో మన ఏప్రిల్, మే నెలల రేకుల కొట్టంలో అది రొప్పుతూ కాలం గడుపుతుంది. కర్ణాటకలోని ముధోల్, తమిళనాడులోని రాజపాళయం మన దేశపు మేలైన జాతులే. 2005లో వాటి మీద తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. కాని ముధోల్ పరుగుపందెపు వేటకుక్క, కదిలేదాన్ని తరమడం దాని రక్తంలో ఉంది. మేకల మధ్య పెట్టాలనుకొనేవారు ఆలోచించుకోవాలి. మన కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలు కాచేవారి దగ్గర జోనంగి అనే పొట్టి బొచ్చు కుక్క ఉంది. బాతులను అదిలించి తోలడం దానికి వెన్నతో పెట్టిన విద్య అంటారు. ఆ పని అక్కడే నేర్చుకుంది, అక్కడి కాపరుల దగ్గరే. పేరు చూసి కాక పని చూసి తెచ్చుకోవాలని చెప్పడానికే ఇదంతా.

కాపరిని అడిగేటప్పుడు ఒక విషయం ముందే చెప్పాలి. కొన్ని చోట్ల పిల్లగా ఉన్నప్పుడే చెవులు, తోక కత్తిరించే అలవాటు ఉంది. అలా చేస్తే రోషం ఎక్కువవుతుందని నమ్మకం. బతికున్న జంతువు అవయవాలు ఖండించేవారిని దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. మనకు ఇవ్వబోయే పిల్లకు అలా చేయవద్దని మృదువుగా కోరాలి.

కాపరి దగ్గర దొరకకపోతే మన ఊరి వీధి ఉంది. మన నేలకు, మన ఎండకు తట్టుకొన్న కుక్కలవి. తల్లి ఎవరింటి ముందు ఉంటుందో, మనుషుల మీదకు వస్తుందో రాదో ఊరంతటికీ తెలుసు. పిల్లను చూసేముందు తల్లిని చూడడం అన్న నియమం వీధి కుక్క దగ్గర ఎంతో సులువు. దుకాణంలో అది అసాధ్యం. అయితే రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచి, ఆ రెండు నెలలూ తల్లికి కాస్త తిండి పెట్టడం న్యాయం.

పట్నాల్లో జంతు సంరక్షణ కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదులో బ్లూ క్రాస్ 1992 నుంచి పనిచేస్తున్నది. ఇలాంటి చోట్ల అనాథ కుక్కలను దత్తతకు ఇస్తుంటారు. పెద్ద కుక్క స్వభావం అప్పటికే తెలిసిపోయి ఉండడం ఇందులో మేలు. ఇంటి కాపలాకు ఇది మంచి దారి. కాని మేకల మధ్య ఎన్నడూ ఉండని కుక్కను మంద దగ్గర వదలడంలో ప్రమాదం ఉందని గుర్తుంచుకోవాలి. అక్కడి వారు మీ ఇల్లు, మీ ఉద్దేశం అడుగుతారు. పగలంతా గొలుసుతో కట్టేసేవారికి ఇవ్వడానికి ఇష్టపడరు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దత్తత కోసం అబద్ధమాడి తెచ్చుకున్న కుక్క మీ మేకలను కాచినా, ఆ అబద్ధం మీ ఖాతాలోనే ఉంటుంది.

ఇవేవీ కుదరక డబ్బు ఇచ్చే తీసుకోవలసి వస్తే, పైన చెప్పిన నమోదు, వయసు, టీకా కార్డు, తల్లిని చూపించడం, ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా వెనక్కి వచ్చేయండి.

అది గడప దాకా వచ్చేముందు

కొట్టం దగ్గర దానికి నీడ, దాని నీళ్ళ మూకుడు, తిండి గిన్నె విడిగా ఉండాలి. కుక్క నోరు పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని, మొదటిసారి మట్టితో తోమాలని హదీసు ఆదేశం. హనఫీ ధర్మవేత్తలు మూడుసార్లు కడిగినా శుద్ధి అవుతుందని, ఏడుసార్లు ఉత్తమమని అన్నారు. వారి ప్రకారం దాని లాలాజలమే అశుద్ధం, పొడి ఒళ్ళు బట్టకు తగిలినంత మాత్రాన బట్ట అశుద్ధం కాదు. షాఫయీ, హంబలీ మస్లక్‌లలో ఇంకా జాగ్రత్త అవసరం. నమాజు బట్టలు కొట్టంలోకి వేసుకుపోకపోతే ఏ మస్లక్ వారికైనా బాధ లేదు.

మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత వైద్యుడు చెప్పినట్టు ఏటేటా. ఇది తప్పనిసరి. ఈ జబ్బు లక్షణాలు మనిషిలో బయటపడితే బతికించడం దాదాపు అసాధ్యం. కుక్క కరిచినా, గోరు గీరినా పసుపు, కారం పూయకుండా సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. మన కుక్కే కదా అని ఊరుకోకూడదు.

తిండి విషయంలో పొదుపు చేస్తే కరుస్తుందని, పస్తు పెడితేనే చురుకుగా కాపలా కాస్తుందని చెప్పేవారుంటారు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీకి నరక శిక్ష పడిందన్న హదీసు మనకు తెలుసు. దప్పికతో తడిమట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి మేజోడులో నీళ్ళు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్నదీ తెలుసు. రెండూ బుఖారీలోనే ఉన్నాయి. కట్టేసిన జీవి తన తిండి తాను వెతుక్కోలేదు. గొలుసు వేశామంటే దాని ఆకలికి మనం జవాబుదారులమయ్యామని అర్థం.

పై జవాబును క్లుప్తంగా ఉత్తరంలో రాసి పంపాము. ఈ పాఠం అచ్చుకు వెళ్ళేలోగా ఆ తండ్రి నుంచి మరో ఉత్తరం అందింది. ప్రతి ఏడూ వారి చేలో మంద కట్టే కురుమ పెద్దాయన దగ్గర కుక్క ఈనిందట. అడగగానే, ఒక ఆడపిల్లను ఉంచుతానన్నాడు. డబ్బు మాట ఎత్తితే, "అన్నా, కుక్కకు ఎక్కడైనా దుడ్లు తీసుకుంటారా?" అని నవ్వాడట. కొట్టం నేల మట్టిది కనుక, టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్ల అతని మందలోనే పెరిగేటట్టు ఒప్పుకున్నారు. టీకా మందు ఖర్చు వీరిది. మండల కేంద్రంలోని పశువైద్యశాలకు తీసుకుపోవడం పెద్ద కుమారుడి పని. సెలవులకు వచ్చినప్పుడల్లా అబ్బాయి మంద దగ్గరకు వెళ్ళి వస్తున్నాడు. మొదటి డోసు పడింది, రెండోదానికి ఇంకా పన్నెండు రోజులు ఉంది. తండ్రి ఇప్పటికీ కొట్టంలోనే పడుకొంటున్నారు. దాదీ మట్టి మూకుడు ఒకటి సంతలో కొని తెప్పించి, ఇంటి గిన్నెల్లో కలవకుండా కొట్టం చూరు మీద బోర్లించి పెట్టారని రాశారు.